పర్లాకిమిడిలో మీల్‌వర్మ్‌ల పెంపకం

మా ఇంట్లో ఉన్నది బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా తొండ. (మన ఉడుమును పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు కనుక ఆ ఊసే లేదు.) దానికి మేతగా మీల్‌వర్మ్‌లను (ఒక రకం నల్ల పెంకుపురుగు పిల్లపురుగులను) విశాఖపట్నం నుంచి టోకున తెప్పించేవాణ్ణి, అయితే ఎండాకాలంలో పార్సిల్ చేరేసరికి చాలావరకు చచ్చి ఉండేవి, రవాణా ఖర్చు పురుగుల ధరను మించిపోయేది. అందుకే ఇంట్లోనే పెంచుతున్నాను.

లోతైన ప్లాస్టిక్ తొట్టెలో గోధుమ తవుడు పోసి, తేమ కోసం క్యారెట్ ముక్కలు వేస్తే చాలు. నీళ్ల గిన్నె పెట్టకూడదు. 25 నుంచి 28 డిగ్రీల వేడిలో ఇవి చక్కగా ఎదుగుతాయి. ప్యూపాలను (పురుగు పెంకుపురుగుగా మారే ముందు కదలక ఉండే దశ) ఏరి వేరే తొట్టెలో ఉంచాలి, లేకపోతే తోటి పురుగులే వాటిని కొరికేస్తాయి. ఆపైన వెలువడే నల్లని పెంకుపురుగులు తమ గుడ్లను తామే తింటాయి కాబట్టి వాటినీ కొన్నాళ్లకొకసారి జల్లెడపట్టి కొత్త తవుడులోకి మార్చాలి. అసలు పరీక్ష వానాకాలమే. గాలిలో తేమ పెరిగి తవుడు బూజు పట్టినా, సన్నని తవుడు నల్లులు (మైట్లు) చేరినా తొట్టె మొత్తం పాడవుతుంది. అందుచేత ఆ నెలల్లో క్యారెట్ ముక్కలను తగ్గించి, మిగిలినవాటిని రోజూ తీసేస్తాను. చీమలకు మాత్రం పాత మందే: బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు.

మహేంద్రతనయ నది ఒడ్డున పొలాల్లో మిడతలు ఉచితమే కదా అని మిత్రులు అంటారు గానీ, పురుగుమందు చల్లిన చేలలోని మిడతను తొండకు పెట్టడం నాకు సమ్మతం కాదు. మీల్‌వర్మ్‌లలో కాల్షియం కంటే భాస్వరం చాలా ఎక్కువ. అందువల్ల మేత పెట్టే ముందు వాటిపై కాల్షియం పొడి చల్లుతాను, ఆకుకూరలూ తప్పక పెడతాను.