నాన్న చూసిన ఖాళీ ఓడ

నాన్న కాకినాడలో ముప్పై ఏళ్లు బార్జి సరంగుగా పనిచేశాడు. ఒడ్డున బియ్యం బస్తాలు ఎక్కించుకుని, దూరంగా లంగరేసిన ఓడల దగ్గరికి తీసుకెళ్లడం ఆయన పని. అమెరికాలో, ఓరెగన్‌లోని మా ఇంటికి వచ్చి రెండు నెలలైనా ఆయనకు ఏం చూపిస్తే సంతోషపడతాడో నాకు అర్థం కాలేదు. జలపాతం చూపించాను. మంచు కొండ చూపించాను. "బాగుందిరా" అని ఊరుకున్నాడు. అక్టోబరులో ఒక రాత్రి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాను. ఇసుకలో నిలబడ్డ తుప్పు పట్టిన ఓడ ముందు భాగం, వెనక ఇనప కమ్ములు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఎక్కడ్రా ఇది? పాటు ఎన్నింటికి?"

ఎంత దూరమని అడగలేదు. పోటు తీసి నీళ్లు వెనక్కి వెళ్లే వేళ ఎప్పుడని అడిగాడు. పోటు మీదుంటే ఓడ మొదలంతా నీళ్లలోనే ఉంటుందని ఫొటో చూడగానే పట్టేశాడు. ఫోన్‌లో ఆటుపోట్ల పట్టిక తీసిస్తే ఆయనకు మరో అనుమానం వచ్చింది. రోజులో రెండు పాట్లూ ఒకేలా లేవేంటని. మన తీరంలో రెండూ ఇంచుమించు సమానం. ఈ తీరంలో ఒకటి బాగా దిగుతుంది, రెండోది అంతగా దిగదు. బాగా దిగే వేళకు చేరేలా శనివారం తెల్లవారుజామునే హిల్స్‌బరో నుంచి బయల్దేరాం. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ పెట్టుకున్నాం. కొండల మీదుగా రెండు గంటల దారి.

ఫోర్ట్ స్టీవెన్స్ పార్కులో కారు ఆపి ఇసుక దిబ్బ దాటగానే ఓడ కనిపించింది. పేరు పీటర్ ఐర్‌డేల్. ఉక్కుతో కట్టిన తెరచాప ఓడ, తెరచాపలు కట్టే కొయ్యలు నాలుగు. 1890లో ఇంగ్లండ్‌లోని మేరీపోర్ట్‌లో కట్టారు. లివర్‌పూల్ యజమాని తన పేరే దానికి పెట్టుకున్నాడు. 1906 సెప్టెంబరు చివర మెక్సికోలోని సలీనా క్రూజ్ నుంచి పోర్ట్‌లాండ్‌కి బయల్దేరింది. అక్కడ గోధుమలు ఎత్తుకుని బ్రిటన్‌కి వెళ్లాలి. అంటే వచ్చేటప్పుడు సరుకు లేదు. అడుగున వెయ్యి టన్నుల బ్యాలస్ట్, అంటే ఓడ ఒరిగిపోకుండా వేసే బరువు, మాత్రమే ఉంది.

"ఖాళీ ఓడా?" అన్నాడు నాన్న. మొహం మారింది. "ఖాళీ ఓడ నీళ్ల మీద ఎత్తుగా తేలుతుంది. పక్కలంతా గాలికి దొరుకుతాయి."

ఆ మాటతో ఆ రాత్రి జరిగింది నాకు బాగా అర్థమైంది. అక్టోబరు 25 తెల్లవారుజామున 3:20కి కెప్టెన్ లారెన్స్ టిల్లమూక్ రాక్ లైట్‌హౌస్ వెలుగు చూశాడు. ఎక్కడున్నాడో తెలిసింది. కొలంబియా నది మొగలోకి వెళ్లడానికి ఓడను ఈశాన్యం వైపు తిప్పించాడు. దట్టమైన మంచు పట్టింది. పోటు పెరుగుతోంది. పడమటి నుంచి గట్టిగాలి. ఇంజను ఓడైతే వెనక్కి తీసుకోవచ్చు. తెరచాప ఓడ గాలికి ఎదురుగా నేరుగా వెళ్లలేదు, చుట్టూ తిరిగి రావాలి, దానికి చాలా చోటు కావాలి. ఒడ్డు నుంచి దూరంగా తిప్పబోతుండగా వాయవ్యం నుంచి ఒక్కసారిగా పెద్ద గాలి విరుచుకుపడి ఓడను క్లాట్సాప్ అనే ఈ ఇసుక తీరం మీదికి తోసేసింది. నేల తగిలిన దెబ్బకి కొయ్యలు విరిగిపడ్డాయి.

నది మొగ అక్కడికి నాలుగు మైళ్లే. నెల రోజుల ప్రయాణంలో మిగిలింది అంతే.

ఓడలో 27 మంది. అందులో ఇద్దరు టికెట్ లేకుండా దాక్కుని వచ్చినవాళ్లు. దగ్గర్లోని హామండ్ నుంచి ప్రాణరక్షక పడవ అలల్లో వెళ్లి వాళ్లను ఒడ్డుకి చేర్చింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఇది చెప్పగానే నాన్న "అమ్మయ్య" అన్నాడు, నిన్న జరిగినట్టు. తర్వాత ఆస్టోరియాలో బ్రిటిష్ విచారణ జరిగింది. కెప్టెన్‌ది గానీ అధికారులది గానీ తప్పు లేదని తేల్చారు. ఓడకు పెద్ద దెబ్బ తగల్లేదు కాబట్టి మళ్లీ నీళ్లలోకి లాగుదామనుకున్నారు. వాతావరణం అనుకూలించలేదు. వారాలు గడిచేసరికి ఓడ ఎడమకు ఒరిగి ఇసుకలో కూరుకుపోయింది. ఈలోపు, మూడు వారాలు తిరక్కుండానే, గలీనా అనే మరో బ్రిటిష్ ఓడ ఇదే తీరంలో కొంచెం దక్షిణంగా ఒడ్డెక్కింది.

ఓడను వదిలి వెళ్లేటప్పుడు లారెన్స్ దానికి సెల్యూట్ చేసి, నీ ఎముకలు ఈ ఇసుకలో తెల్లబడాలని దీవించాడని ఇక్కడ చెప్పుకుంటారు. నూటికి పైగా ఏళ్లకు అవి తెల్లబడలేదు, ఎర్రబడ్డాయి. నాన్న ఒక కమ్మి మీద అరచెయ్యి పెట్టాడు. పొరలు పొరలుగా లేచిన తుప్పు మధ్య నత్తగుల్లలు అంటుకుని ఉన్నాయి. 1917లో తుక్కు కింద అమ్మినా ఇంత మిగిలింది. 1942 జూన్‌లో జపాన్ జలాంతర్గామి ఒకటి ఫోర్ట్ స్టీవెన్స్ మీద గుండ్లు పేల్చాక ఈ తీరమంతా ముళ్లకంచె వేశారు. యుద్ధం అయిపోయేదాకా ఓడ ఆ కంచెలోనే చిక్కుకుని ఉంది.

"పొడవెంత?"

285 అడుగులని చెప్పాను. ఆయన ముందు భాగం దగ్గర నిలబడి, అంగకు రెండున్నర అడుగుల లెక్కన కమ్ముల వరస వెంట నడవడం మొదలుపెట్టాడు. కనిపించే ఓడ త్వరగానే అయిపోయింది. ఆయన ఆగలేదు. ఖాళీ ఇసుక మీద నూట పద్నాలుగో అంగ వేసి నిలబడి నాకు చెయ్యి ఊపాడు. అప్పటిదాకా నేను చూసింది ఒక ముక్క. ఆయన అంత దూరంలో నిలబడ్డాకే ఓడ ఎంతదో నా కంటికి ఆనింది.

పిల్లలు కమ్ముల మధ్య ఆడుకుంటున్నారు. ఒక కొత్త జంట ఫొటోలు తీయించుకుంటోంది. ఈ నది మొగను పసిఫిక్ శ్మశానం అంటారు. అక్కడ పోయిన వాటిలో జనం చూడడానికి వచ్చేది మాత్రం ఎవరినీ చంపని ఈ ఓడ దగ్గరికే. 1913 జనవరి 7న మొగకు ఉత్తరాన పీకాక్ స్పిట్ అనే ఇసుక మేట మీద రోజ్‌క్రాన్స్ అనే చమురు ఓడ పగిలిపోయింది. 36 మందిలో 33 మంది పోయారు. వాళ్ల కోసం వెళ్లి నిలబడదామంటే అక్కడ అలలు తప్ప ఏమీ లేవు. నాకు అది బాధగా అనిపించింది. జ్ఞాపకం కూడా మిగిలిన ఇనుమును బట్టే ఉంటే ఎలా? నాన్న ఉత్తరం ఎటని అడిగి, అటు తిరిగి కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అదే సంవత్సరం అక్టోబరు 1న ఇక్కడికి దక్షిణాన గ్లెనెస్లిన్ అనే ఓడ పట్టపగలు, తెరచాపలన్నీ ఎత్తి ఉండగానే, నియాకానీ కొండ పాదాన్ని గుద్దింది. అందరూ బతికారు. విచారణలో మాత్రం కెప్టెన్‌నీ, ఆయన కింది అధికారులైన మేట్లనీ తప్పుపట్టారు. ఆ మాట చెబితే నాన్నకు నిజంగా కోపం వచ్చింది.

ఆస్టోరియాకి వెళ్లే దారిలో ఆయనకు ఇంకో ఓడ కథ చెప్పాను. 1899 నవంబరు తుఫానులో, మొగ బయట దీపంతో కాపలా ఉండే 50వ నంబరు లైట్‌షిప్ లంగరు గొలుసు తెంచుకుని అవతలి ఒడ్డున రాళ్ల మధ్యకి కొట్టుకొచ్చింది. ఓడలను లాగే టగ్గు పడవలు ఎంత లాగినా రాలేదు. చివరికి పోర్ట్‌లాండ్‌లో ఇళ్లు తరలించే పనివాళ్లు దాన్ని జాకీలతో ఎత్తి, దుంగల మీద దొర్లిస్తూ, గుర్రాలతో అడవి గుండా లాక్కెళ్లి 1901లో అవతలి బేకర్ బేలో దించారు. "మన దగ్గర పల్లమైపోయిన ఇళ్లను జాకీలతో లేపుతున్నారు చూడు, అలాగన్నమాట" అన్నాడు.

ఆస్టోరియా దగ్గర నదిలో నాలుగు పెద్ద ఓడలు లంగరేసి ఉన్నాయి. ఎత్తుగా తేలుతూ, కింది ఎర్ర రంగు బయటికి కనిపిస్తూ. నాన్న కారు ఆపమన్నాడు.

"ఖాళీవే. గోధుమలకేనా?"

చాలావరకు ధాన్యానికేనని చెప్పాను. ఇప్పుడు ఈ మొగ దాటేటప్పుడు ప్రత్యేకంగా బార్ పైలట్, అంటే మొగలోని ఇసుక మేటల మధ్య దారి తెలిసినవాడు, ఎక్కుతాడని, అలలు పెద్దవైతే హెలికాప్టర్ మీద కూడా దింపుతారని చెప్పాను. నది ఒడ్డున బల్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. కాకినాడలో ఓడ పక్కన బార్జి కట్టడం గురించి, కెరటం ఎత్తినప్పుడు తాడు ఎంత వదలాలో, ఎప్పుడు బిగించాలో చేతులతో చూపిస్తూ చెప్పాడు. ముప్పై ఏళ్లు ఆ పని చేసి మమ్మల్ని చదివించాడు. ఆ తాడు సంగతి నేను ఎప్పుడూ అడగలేదు.

చీకటి పడ్డాక కొండ దారిలో ఫోన్ సిగ్నల్ వచ్చింది. కాకినాడలో అప్పటికి తెల్లవారింది. ఆయన తనతో పనిచేసిన పాత ఖలాసీకి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఇవాళ ఒక ఓడ చూసేను. నూట పద్నాలుగు అంగలు. ఖాళీగా వస్తుంటే గాలి తోసేసింది." అవతల ఏదో అడిగినట్టున్నాడు. "లేదురా, అందరూ బతికేరు. ఇరవై ఏడుగురూ."