రుషికొండ నీళ్ల మీద వృక్షాసనం

స్టాండప్ పాడిల్ బోర్డు, అంటే నీటి మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ వెళ్లే వెడల్పాటి పలక, దాని మీద యోగా చేస్తున్నానని చెప్పగానే ఎక్కువమంది అడిగేది ఒకటే: పడిపోరా అని. పడతాం. అయితే ఎందుకు పడుతున్నామో అర్థమయ్యాక, ఇంట్లో మ్యాట్ మీద ఇన్నేళ్లుగా వేస్తున్న ఆసనాల్లో ఎంత అనవసరపు బిగువు దాగి ఉందో తెలిసివస్తుంది. నేను దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

2025 జూన్ 21న, అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు సాగే తీరం పొడవునా జనం యోగాకు బారులు తీరిన సంగతి విశాఖ వాసులెవరూ మరిచిపోలేదు. ఆ రోజు జనమంతా సముద్రం పక్కన ఆసనాలు వేశారు. సముద్రం మీద వేయడం పూర్తిగా వేరే సంగతి.

ఈ బోర్డులు సాధారణంగా పది, పదకొండు అడుగుల పొడవుంటాయి. యోగాకు పొడవు కంటే వెడల్పు ముఖ్యం కనుక 32 అంగుళాలకు తగ్గనిది ఎంచుకోవాలి. గాలి నింపే రకం బోర్డులో పైపొరనూ కింది పొరనూ వేలాది సన్నని దారాలు కలిపి పట్టి ఉంచుతాయి కాబట్టి, 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా గాలి కొడితే అది చెక్కలా గట్టిపడుతుంది. పంపు కొట్టడానికి బద్ధకించి గాలి తక్కువ నింపితే కాళ్ల కింద కుంగి, లేని వణుకును తెచ్చిపెడుతుంది. నడుమ ఉండే చేతిపిడి దాదాపుగా బోర్డు సమతూక బిందువు. ఆసనం ఏదైనా శరీరపు బరువు దాని చుట్టూనే ఉండాలి. నిలబడి తెడ్డు వేసే ఈ పద్ధతి హవాయి దీవుల నుంచి వచ్చింది గానీ, తెప్ప మీద తెడ్డు వేస్తూ కెరటాలు దాటిన జాలర్లున్న మన తీరానికి ఇది మరీ వింతేమీ కాదు.

కదిలే బోర్డు కంటే ఆగిన బోర్డే ఎక్కువగా ఊగుతుంది, ఆగిన సైకిల్ లాగానే. అందుకే మొదట మోకాళ్ల మీద మార్జాలాసనంతో నీటి ఊపును పరిచయం చేసుకోవాలి. చేతులూ పాదాలూ ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనం కూడా, నాలుగు వైపులా బరువు పంచుకుంటుంది కాబట్టి, త్వరగానే కుదురుతుంది. చిక్కంతా ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాచి నిలబడే వీరభద్రాసనం దగ్గర మొదలవుతుంది. వెనక మడమ బోర్డు మధ్య గీతను దాటి ఎంత పక్కకు పోతే బోర్డు అంతగా ఆ వైపుకు ఒరుగుతుంది. దాన్ని ఆపాలని కాలివేళ్లతో బోర్డును గట్టిగా పట్టుకుంటాం, మోకాలు బిగిస్తాం, ఊపిరి ఆపుతాం. అలా బిగుసుకున్న శరీరం బోర్డులో ఒక భాగమైపోయి, చిన్న అల వచ్చినా నడుము పైభాగమంతా దానితోపాటే విసిరినట్టు ఊగి నీళ్లలో పడుతుంది. చీలమండనూ మోకాలినీ కాస్త వదులు చేస్తే కింద బోర్డు ఎంత ఊగినా ఆ ఊపు తుంటి దాకా వచ్చేసరికి సగం చచ్చిపోతుంది. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో చూపు కూడా అంతే ముఖ్యం. దగ్గరి నీటి మీద చూపు నిలిపితే అది కదులుతూ మనల్నీ కదిలిస్తుంది కనుక, ఒడ్డు మీది కొండనో దిగంతరేఖనో చూడాలి.

యోగసూత్రాల్లో పతంజలి స్థిరసుఖమాసనం (స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం) అని చెప్పి, ఆ వెంటనే ప్రయత్నాన్ని సడలించడం వల్లా, అనంతుని మీద మనసు నిలపడం వల్లా అది సిద్ధిస్తుందన్నాడు. ఆ అనంతుడు ఆదిశేషుడేనని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. పాలసముద్రం మీద తేలుతూ విష్ణువును మోసేవాడి కంటే ఈ అభ్యాసానికి తగిన గురువు ఎవరుంటారు! రీల్స్ కోసం బోర్డు మీద శీర్షాసనం వేసేవాళ్లను చూస్తే మాత్రం నాకు భయమే వేస్తుంది. లోతు తక్కువ నీటిలో తల ముందుగా పడితే మెడకు ప్రమాదం.

చోటు విషయంలో నేను విశాఖలోని రుషికొండనే ఎంచుకుంటాను. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ) గుర్తింపు పొందిన ఈ బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉంటారు. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేయగానే లోతు పెరిగి, లోపలికి లాగే ప్రవాహాలుండే ఆర్కే బీచ్‌లో బోర్డు దించడం నాకు సమ్మతం కాదు. తెల్లవారుజామున నేల మీద నుంచి వీచే గాలి ఒడ్డు దగ్గరి నీటిని నున్నగా ఉంచుతుంది, మనల్ని మెల్లగా లోపలికి నెట్టేదీ ఆ గాలే. కళ్లు మూసుకుని ఆసనంలో ఉన్నవారికి ఆ జరుగుడు తెలియదు కాబట్టి చిన్న లంగరు వేసుకోవాలి, చీలమండకు లీష్ (మనల్ని బోర్డుతో కలిపి ఉంచే తాడు) కట్టుకోవాలి, ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ అందుబాటులో ఉంచుకోవాలి. పొద్దెక్కే కొద్దీ గాలి దిశ మారి సముద్రం వైపు నుంచి కొడుతుంది, నీళ్లు చిందరవందరవుతాయి. ఒడ్డున వలలు బాగుచేసుకునే ఒక పెద్దాయన నన్ను చూసినప్పుడల్లా, “గాలి తిరిగిపోద్దమ్మా, ఎండ ముదిరేలోగా ఒడ్డుకొచ్చీయండి” అని హెచ్చరిస్తాడు. ఆయన మాట నాకు ఫోన్‌లోని వాతావరణ యాప్ కంటే ఎక్కువ.

చలికాలం చివర నుంచి మార్చి దాకా మన సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది కాబట్టి కొత్తవారు అప్పుడు మొదలుపెడితే మంచిది. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినిపిస్తే నేను బోర్డులోని గాలి తీసి చుట్టి పెట్టేసి, మేడ మీద మ్యాట్ పరుచుకుంటాను.