మానింగ్ ఊళ్లో తెగని వాదన

షికాగో నుంచి ఇండియానాపొలిస్‌కి వెళ్లే ఐ-65 హైవే మీద చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. మొక్కజొన్న చేలు, గాలిమరలు, మళ్లీ చేలు. దారిలో టైమ్ జోన్ మారి ఒక గంట పోతుంది కూడా. ఆ విసుగు తెలియకుండా చేసింది మా బావమరిది. వాడు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్‌కి వీరాభిమాని. 2007 ఫిబ్రవరిలో మయామీలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే ఆ ఆట ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో, బేర్స్ 29-17తో ఇండియానాపొలిస్ కోల్ట్స్ చేతిలో ఓడిపోయిన సంగతి వాడికి ఇప్పటికీ మింగుడుపడదు.

"ఆ రోజు గెలిపించింది మానింగ్ కాదు బావా, రన్నింగ్ బ్యాక్‌లు" అన్నాడు.

మానింగ్ కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరి జట్టు దాడిని నడిపేవాడు. రన్నింగ్ బ్యాక్‌లు బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు. గెలుపు ఆ ఒక్కడిదా, మిగతా జట్టుదా అన్నదే మా వాదన. వాడి మాటలో పస ఉంది. వానలో బంతి జారిపోతుంటే డొమినిక్ రోడ్స్ 113 గజాలు పరిగెత్తాడు. జోసెఫ్ అడ్డాయ్ 77 గజాలు పరిగెత్తి, పైగా 10 పాస్‌లు పట్టాడు. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్‌కి ఇచ్చారు.

2008లో తెరిచిన ల్యూకస్ ఆయిల్ స్టేడియం దూరం నుంచి పాతకాలపు ఇటుకల ఫ్యాక్టరీలా కనిపిస్తుంది. బయట మానింగ్ కంచు విగ్రహం, బంతి విసరబోతున్న భంగిమలో. దాని ముందు ఫొటోలు దిగేవాళ్లకి కొదవ లేదు. మా వాడు మాత్రం దిగనన్నాడు.

లోపల జట్టు గౌరవించుకున్న ఆటగాళ్ల పేర్లు రాసి ఉన్నాయి. మానింగ్ పాస్‌లు పట్టిన మార్విన్ హారిసన్, రెజీ వేన్ ఎలాగూ ఉంటారు. నన్ను ఆపింది జెఫ్ సాటర్డే పేరు. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోని మనిషి. సెంటర్ స్థానంలో ఏళ్ల తరబడి మానింగ్‌కి కాళ్ల మధ్య నుంచి బంతి అందించి, మరుక్షణమే మీదికొచ్చేవాళ్లని అడ్డుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్‌కి ఆలోచించడానికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ సెకన్లు సంపాదించి పెట్టేది ఇలాంటి ఐదుగురు.

అలాగని మా వాడితో పూర్తిగా ఏకీభవించలేను. మెడ ఆపరేషన్ల వల్ల మానింగ్ 2011 సీజన్ అంతా ఆడలేదు. అంతకుముందు ఏడాది 435 పాయింట్లు చేసిన కోల్ట్స్ 243 దగ్గర ఆగిపోయింది. 10 గెలిచిన జట్టు రెండే గెలిచింది. వేన్ పట్టిన పాస్‌లు 111 నుంచి 75కి పడిపోయాయి. తమాషా ఏమిటంటే, పాస్‌లు పట్టే మరో ఆటగాడు పియేర్ గార్సాన్‌కి మానింగ్ లేని ఏడాదే ఎక్కువ గజాలు వచ్చాయి.

ఇదంతా చెప్తే మా వాడు న్యూ ఇంగ్లండ్ జట్టు సంగతి తీశాడు. 2008లో మొదటి మ్యాచ్‌లోనే దాని క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ మోకాలు దెబ్బతింది. అతని బదులు ఆడిన మ్యాట్ క్యాసెల్‌తో ఆ జట్టు 11 మ్యాచ్‌లు గెలిచింది. నిజమే. కానీ ముందు ఏడాది 589 పాయింట్లు చేసిన జట్టు అప్పుడు 410 చేసింది. ఆ జట్టులో గొప్ప కోచ్, క్వార్టర్‌బ్యాక్‌ని కాచే గట్టి లైన్, పాస్‌లు పట్టే ర్యాండీ మాస్ అలాగే ఉన్నారు. ఆ మరుసటి ఏడాది క్యాసెల్ క్యాన్సస్ సిటీకి వెళ్తే ఆ జట్టు నాలుగే గెలిచింది.

నా లెక్కలో ఇండియానాపొలిస్ కుప్పకూలడానికి ఇంకో కారణం ఉంది. ఏళ్ల తరబడి జట్టునంతా ఒక్కడి చుట్టూ అల్లారు. అతను తప్పుకున్నాక ఆ ఏడాది ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లను మార్చి చూశారు, ఎవరూ అతకలేదు. ఈ మాట మా వాడికి నచ్చింది. బేర్స్‌కి ఆ బెంగ ఎప్పుడూ లేదట, అల్లడానికి అలాంటి ఒక్కడు దొరికితే కదా అన్నాడు.