పాపిరెడ్డా, బాపిరెడ్డా?

పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతాడు. మా నాయన రెండు చెప్పి, మూడోదానికి నా మొహం చూస్తాడు. నాకేం తెలుసు? రెండేళ్ల కింద ఆ మూడో పేరు కోసం బయల్దేరాను.

"ధాత కరువుల పాలమూరు దిక్కు నుంచి నడిచొచ్చిన్రంట" అనేది మా నాయనమ్మ. ధాత అంటే 1876. అంతకు మించి ఆధారమేమీ లేదు.

ముందు 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు) తీయించాను. అందులో తాత పేరు ఉంది, అంతే. ఇంకా వెనక్కి పోవాలంటే సేత్వార్ చూడాలట. భూములు కొలిచి మొదటిసారి సర్వే నంబర్లు వేసినప్పుడు ఏ నంబరు ఎవరి పేరున పడిందో అందులో ఉంటుంది. 2016లో మా మండలం సూర్యాపేట జిల్లాలోకి పోయింది. ఇక్కడ అడిగితే నల్లగొండకు పొమ్మన్నారు, అక్కడ అడిగితే సూర్యాపేటకు పొమ్మన్నారు. ఐదో తిరుగుడుకు నకలు చేతికొచ్చింది.

వచ్చింది సరే, అంతా ఉర్దూ. మీద 1310 ఫస్లీ అని ఉంది. ఫస్లీ అంటే నిజాం కాలంలో భూమి లెక్కలకు వాడిన సంవత్సరం. ఫస్లీకి 590 కలపాలి, అంటే 1900. రిటైరైన ఉర్దూ సారు ఒకాయన భూతద్దం పెట్టి చదివాడు. పేరు తర్వాత 'వల్ద్' అని ఉంటే, ఆ వెనక వచ్చేది తండ్రి పేరు. మా ముత్తాత పేరు చదివాడు, వల్ద్ అన్నాడు, ఆగిపోయాడు. "పాపిరెడ్డి కావచ్చు, బాపిరెడ్డి కావచ్చు." ఉర్దూలో అక్షరం కింద మూడు చుక్కలుంటే 'ప', ఒక్కటుంటే 'బ'. రాసినాయన తొందరలో చుక్కలే పెట్టలేదు! నూరేళ్ల కిందటి గుమాస్తా మీద నాకు నిజంగానే కోపమొచ్చింది.

అప్పుడు పిచ్చకుంట్లవాళ్లు గుర్తొచ్చారు. నా చిన్నప్పుడు కోతలయ్యాక వచ్చి, మా గోత్రం, ఇంటిపేరు, వంశం చెప్పి వడ్లు తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడు రావట్లేదు, నేనే వెతుక్కుంటూ పోయాను. పెద్దాయన కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో ఏడు పేర్లు చెప్పాడు. తాత నుంచి పైకి లెక్కేస్తే మూడోది బాపిరెడ్డి. ఆ పైన నాలుగు పేర్లు రాసుకున్నాను గానీ, వాటి మీద నాకంత నమ్మకం లేదు. పొగడ్తలో ఒకటి రెండు అతుకులు పడే ఉంటాయి. కాగితం, నోటిమాట కలిసిన ఈ ఒక్క పేరు మాత్రం ఖాయం చేసుకున్నాను.

ఆ నకలులోనే కింద ఇంకో వరుస ఉంది. 'ముసమ్మాత్ నాగమ్మ, జౌజే బాపిరెడ్డి' (ఇక్కడా చుక్కల్లేవు). ముసమ్మాత్ అనేది ఆడవాళ్ల పేరు ముందు రాసే మాట, జౌజే అంటే భార్య. 3 ఎకరాల 12 గుంటలు, ఖుష్కీ, అంటే మెట్ట భూమి. పిచ్చకుంట్లాయన చెప్పిన ఏడుగురిలో ఈమె లేదు. నాయనకు నంబరు చూపించాను.

"ఇది మన ముసలమ్మ చెలక కదరా" అన్నాడు.

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ చెలకను అట్లనే పిలుస్తున్నాం. ఏ ముసలమ్మ అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.