మగ్గుల లైన్ ఆపాలా, వద్దా? సీఎంఏ ఇంటర్ గ్రూప్ 2 ప్రిపరేషన్ అనుభవం

ఫ్రెండ్స్, నమస్తే. సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ) ఇంటర్ గ్రూప్ 2 క్లియర్ అయింది! పేపర్ 12 మేనేజ్‌మెంట్ అకౌంటింగ్‌లో 71 వచ్చాయి. అంతకుముందు అటెంప్ట్‌లో నాలుగు పేపర్లలోనూ 40 దాటినా, మొత్తం 200 అందక గ్రూప్ పోయింది. ఆ బాధ పడ్డవాళ్లకే తెలుస్తుంది. అప్పుడే అనుకున్నాను, ఒక్క పేపర్‌లో గట్టిగా మార్కులు లాగితే మిగతా మూడూ ఒడ్డున పడతాయని. నాకు ఆ పేపర్ ఇదే అయింది, అందులోనూ నిర్ణయాల చాప్టర్. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ప్రశ్న అందరం చూసిందే. మూడు ప్రొడక్టులు ఇస్తారు, ఒకదాని కింద నష్టం చూపిస్తారు, దాన్ని ఆపేయాలా కొనసాగించాలా అంటారు. కాంట్రిబ్యూషన్ (అమ్మకాల్లోంచి, సరుకును బట్టి పెరిగే తగ్గే వేరియబుల్ కాస్ట్ తీసేస్తే మిగిలేది) ఒకవైపు, ఆపేస్తే తప్పించుకోగల ఫిక్స్‌డ్ ఖర్చు ఒకవైపు పెట్టి పోల్చమని నోట్స్‌లో ఉంటుంది. ఫార్ములా నాకూ వచ్చు. కానీ ప్రశ్నలో చిన్న మెలిక పెడితే ఏ అంకె తీసుకోవాలో, ఏది వదిలేయాలో తేలేది కాదు. అది తేలింది క్లాసులో కాదు, ఆఫీసులో.

నేను హైదరాబాద్ చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న ప్లాస్టిక్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. బకెట్లు, మగ్గులు, డ్రమ్ములు తయారవుతాయి. సరుకులో ఎక్కువ భాగం బేగంబజార్ హోల్‌సేల్ షాపులకు పోతుంది. ఒకరోజు మా సార్ స్టేట్‌మెంట్ చూసి, "మగ్గులు బంద్ చేద్దామమ్మా, నెలనెలా లాసే వస్తున్నది" అన్నారు. అసలు అంకెలు బయట పెట్టకూడదు కాబట్టి మార్చి, గుండ్రంగా రాస్తున్నాను. లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

నెలకు బకెట్ల అమ్మకాలు 12 లక్షలు, మగ్గులవి 5, డ్రమ్ములవి 8. మొత్తం 25 లక్షలు. వేరియబుల్ కాస్ట్ పోను కాంట్రిబ్యూషన్ బకెట్లకు 5 లక్షలు, మగ్గులకు 1.5, డ్రమ్ములకు 3.5. ఏ లైన్‌కు ఆ లైనే పెట్టే ఫిక్స్‌డ్ ఖర్చు వరుసగా 90 వేలు, 60 వేలు, 80 వేలు. వీటి మీద షెడ్డు కిరాయి, ఆఫీసు జీతాలు, సెక్యూరిటీ అన్నీ కలిపి 6.25 లక్షల కామన్ ఖర్చు. దాన్ని అమ్మకాల నిష్పత్తిలో పంచితే మగ్గుల నెత్తిన 1.25 లక్షలు పడ్డాయి. దాంతో మగ్గుల కింద 35 వేల నష్టం తేలింది. యూనిట్ మొత్తానికి మాత్రం 1.45 లక్షల లాభం ఉంది.

"సార్, మగ్గులు బంద్ చేస్తే షెడ్డు కిరాయి తగ్గుతదా?" అని అడిగాను. ఆయన కాసేపు స్టేట్‌మెంట్ వంకే చూసి, "ఎందుకు తగ్గుతది?" అన్నారు. ఆ మాటతో చాప్టర్ మొత్తం నాకు ఒక్కసారిగా విడిపోయింది. మగ్గులు ఆపేస్తే పోయేది 1.5 లక్షల కాంట్రిబ్యూషన్, మిగిలేది ఆ లైన్ సొంత ఫిక్స్‌డ్ ఖర్చు 60 వేలు. అంటే 35 వేల నష్టం వదిలించుకోబోయి 90 వేలు పోగొట్టుకుంటాం. యూనిట్ లాభం 55 వేలకు పడిపోతుంది.

అక్కడితో ఆగదు. 6.25 లక్షలూ ఇప్పుడు మిగిలిన 20 లక్షల అమ్మకాల మీద పడతాయి. డ్రమ్ముల వాటా 2 లక్షల నుంచి 2.5 లక్షలవుతుంది. నిన్నటిదాకా 70 వేల లాభం చూపిన డ్రమ్ములు ఇప్పుడు 20 వేలే చూపిస్తాయి. తర్వాత వేటు వాటి మీద పడుతుంది. అవీ ఆపేస్తే బకెట్లు ఒక్కటే ఆ భారమంతా మోయలేక నెలకు 2.15 లక్షల నష్టంలో కూరుకుపోతాయి. డ్రమ్ములు చేసిన తప్పేమీ లేదు, వాటి అమ్మకం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

ఆరోజు నుంచి ప్రశ్నలో ప్రతి ఖర్చు పక్కనా పెన్సిల్‌తో ఒకటే రాసుకున్నాను. ఆపేస్తే ఈ రూపాయి ఆగుతుందా? దానా (ముడి ప్లాస్టిక్ గుళికలు), ప్యాకింగ్ ఆగుతాయి. కరెంటు బిల్లు కొంతే ఆగుతుంది, యూనిట్ల ఛార్జీ తగ్గుతుంది గానీ కనెక్షన్ ఉన్నంతకాలం డిమాండ్ ఛార్జీ కట్టాల్సిందే. అచ్చు మీద తరుగుదల ఆగినా లెక్కలోకి రాదు, ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. అదే అచ్చును అమ్మితే వచ్చే డబ్బు మాత్రం తప్పకుండా లెక్కలోకి వస్తుంది. సూపర్‌వైజర్ జీతం దగ్గర జాగ్రత్త. అతన్ని వేరే లైన్‌కు మార్చి జీతం ఇస్తూనే ఉంటే ఏమీ మిగల్లేదు. కానీ ఆ లైన్‌కు కొత్తగా ఒకరిని పెట్టుకోవాల్సిన అవసరం అతని వల్ల తప్పితే, ఆ కొత్త జీతం మిగిలినట్టే. ఎగ్జామినర్లు మెలిక పెట్టేది సరిగ్గా ఇలాంటి చోట్లే.

ఇంకొకటి, కామన్ ఖర్చు పంచడమే తప్పని ఆన్సర్ షీట్‌లో రాయకండి. ఒక్కో పీస్ కాస్ట్ కట్టడానికి, స్టాక్ విలువ తేల్చడానికి ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ పంచాల్సిందే. ఆ పని కోసం పంచిన అంకెను తెచ్చి ఉంచాలా ఆపాలా అన్న ప్రశ్నకు వాడటం దగ్గరే తేడా వస్తుంది.

బేగంబజార్ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. షాపువాళ్లు బకెట్, మగ్గు జతగా ఒకే రంగులో అడుగుతారు. మగ్గు లేదంటే కొందరు బకెట్ ఆర్డర్ కూడా వేరేచోట పెట్టుకుంటారు. బకెట్ల అమ్మకం 10 శాతం తగ్గిందనుకున్నా ఇంకో 50 వేల కాంట్రిబ్యూషన్ పోతుంది. అప్పుడు నెలంతా కష్టపడితే మిగిలే లాభం 5 వేలు.

అలాగని జవాబు ఎప్పుడూ "కొనసాగించాలి" అనే వస్తుందనుకుంటే మార్కులు పోతాయి. మగ్గులకు నెలకు 300 మెషీన్ గంటలు పడతాయి, అంటే గంటకు 500 రూపాయల కాంట్రిబ్యూషన్. డ్రమ్ములకు 500 గంటలు, గంటకు 700. డ్రమ్ములకు అదనపు ఆర్డర్లు చేతిలో ఉండి, మెషీన్ ఖాళీ లేకపోతే? ఆ 300 గంటలు డ్రమ్ములకు ఇస్తే 2.1 లక్షలు వస్తాయి. 1.5 లక్షలు పోయి, 60 వేలు మిగిలి, 2.1 లక్షలు వచ్చి చేరితే నెలకు 1.2 లక్షలు మేలు. బకెట్ల ఆర్డర్లు 50 వేల మేర దెబ్బతిన్నా 70 వేలు మిగులుతాయి. అంటే ఆపేయడమే సరైనది. అదే మగ్గు, అదే 35 వేల నష్టం, కానీ జవాబు తిరగబడింది. మా దగ్గర అప్పుడు అదనపు డ్రమ్ముల ఆర్డర్లు లేవు, అందుకే మగ్గులు కొనసాగాయి.

పరీక్షలో నేను రెండు నిలువు వరుసల్లో "ఉంచితే", "ఆపితే" అని లెక్క చూపించి, కింద తేడా రాసి, ఏ ఊహల మీద ఆ జవాబు నిలబడిందో రెండు మూడు లైన్లు రాశాను. కార్మికులను తీసేస్తే ఇవ్వాల్సిన పరిహారం, కస్టమర్ల సంగతి, ఇది కొన్నాళ్ల మాటా శాశ్వతమా అన్నది అక్కడే వస్తాయి. ఆ లైన్లు రాయకుండా వదలొద్దు.

మిగతా పేపర్లకు ఇన్‌స్టిట్యూట్ స్టడీ మెటీరియల్, పాత ప్రశ్నపత్రాలు, ఎంటీపీలు (మాక్ టెస్ట్ పేపర్లు). అంతకంటే కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. కార్పొరేట్ అకౌంటింగ్ రోజూ చేతితో చేయాలి, ఆడిటింగ్ పదేపదే చదవాలి.

ఉద్యోగం మానేసి చదువుకోమని ఇంట్లో, బయట చాలామంది అన్నారు. నేను మానలేదు, అది మొండితనం కాదు. మానేస్తే జీతం కచ్చితంగా పోతుంది. మిగిలే గంటలన్నీ చదువుకే పోతాయన్న నమ్మకం మాత్రం ఎవరూ ఇవ్వలేరు. చిక్కడపల్లి లైబ్రరీలో ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చుని సగం టైం ఫోన్‌కే ఇచ్చినవాళ్లను చూశాను. ఆఫీసుకు ముందు రెండు గంటలు, వచ్చాక రెండు గంటలు, ఆదివారం పూర్తిగా. పెళ్లిళ్లు, బోనాలు అన్నీ పక్కన పెట్టాను. టైం లేదనేవాళ్లు ముందు వారం రోజులు తమ గంటలు ఎటు పోతున్నాయో కాగితం మీద రాసి చూడండి. ఈ మాట గట్టిగానే అంటున్నాను, ఎందుకంటే నిద్ర ఆపుకుని చదివినదాన్ని.

డిసెంబర్ అటెంప్ట్ రాసేవాళ్లకు పై అంకెలతోనే ఒక లెక్క. మగ్గులు, బకెట్లు ఉంచి డ్రమ్ములు ఆపేశారు. డ్రమ్ముల 80 వేలలో 30 వేలు సూపర్‌వైజర్ జీతం, అతన్ని తీసేయడం లేదు, కొత్త నియామకం తప్పడమూ లేదు. ఖాళీ అయిన 500 గంటలూ మగ్గులకే ఇచ్చారు, వాటికి గిరాకీ ఉంది, వేరే అదనపు ఫిక్స్‌డ్ ఖర్చు లేదు. యూనిట్ లాభం 95 వేలు రావాలి. మీకు 1.25 లక్షలు వస్తే సూపర్‌వైజర్ జీతం ఇంకోసారి చూడండి.