ఏడవని పిల్లకి కట్టు వేస్తే

మా పాపకి నిన్ననే పాదాల పిండికట్లు విప్పారు. రెండు పాదాలూ చదునుగా ఉన్నాయి, స్ప్లింట్లలో (పాదాన్ని వంకరపోకుండా పట్టి ఉంచే తొడుగులు) సరిగ్గా కూర్చుంటున్నాయి.

పాప స్పైనా బైఫిడాతో పుట్టింది, అంటే వెన్నెముక సరిగ్గా మూసుకోక అక్కడి నరాలు దెబ్బతినే లోపం. వీపు ఆపరేషన్, తలలో షంట్ (చేరిన నీటిని బయటికి పంపే గొట్టం) అయ్యాక వంకర పాదాల సంగతి చూశారు. పాన్సెటి పద్ధతిలో, అంటే పాదాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, వారం వారం కట్లు మార్చారు, మడమ వెనక స్నాయువు (కండని ఎముకకి కలిపే తాడు లాంటిది) కోశారు, రెంటినీ కడ్డీతో కలిపిన బూట్లు వేశారు. అయినా పాదాలు మళ్లీ లోపలికే తిరిగాయి. ఈ పిల్లల్లో పాదం బిర్రుగా ఉంటుంది, తిరగబెట్టడమూ ఎక్కువే. ఈసారి బిగుసుకున్న స్నాయువుల్ని సాగదీయకుండా ముక్క కోసి తీసేస్తామన్నారు. తీసేశారు. ఆపరేషన్ సాఫీగానే అయింది.

నరకం వార్డులో చూశాం. రాత్రి వేళ్లు ఉబ్బాయి, కట్టులోంచి ఏదో వాసన. డ్యూటీ డాక్టర్‌ని పిలిస్తే, "పాప ఏడుస్తోందా?" అన్నాడు. లేదన్నాను. "మరి టెన్షన్ ఎందుకమ్మా? నొప్పుంటే ఏడ్చేది కదా!" మోకాళ్ల కింద స్పర్శే లేని పిల్ల ఎలా ఏడుస్తుంది? ఫైలు మొదటి పేజీలోనే రాసుంది, చూడమన్నాను. "ఫోన్లో చదివొచ్చి మనకి పాఠాలు చెప్తారు" అని నర్సుతో అంటూ నవ్వాడు. పక్క మంచాల వాళ్లూ నవ్వారు.

పొద్దున పెద్ద డాక్టర్ వచ్చీ రాగానే కట్టు కోయించారు. మడమ మీద తోలు లేచిపోయి పుండు. అప్పుడా డ్యూటీ డాక్టర్ మహానుభావుడు కేస్ షీట్‌లో ఏం రాశాడో తెలుసా? తల్లి గమనించలేదని! పెద్ద డాక్టర్ ముందే చదివించి, నేను ఎప్పుడు పిలిచానో కూడా అందులో రాయించాను. ఆ పని మా ఇంట్లో ఇంకెవరి వల్లా అయ్యేది కాదు. పుండు మానేదాకా ఆగి, దూది మందంగా పెట్టి కొత్త కట్టు వేశారు.

"ఎలాగూ నడవదుగా, ఆపరేషన్ ఎందుకు?" అనే చుట్టాలకి ఒకటే జవాబు: చక్రాల కుర్చీలో కూర్చున్నా పాదం చదునుగా ఆనాలి, లేకపోతే పుండ్లే. ఇంకోటి, ఈ పిల్లలకి లేటెక్స్ (గ్లవ్స్‌లో వాడే రబ్బరు) అలర్జీ ముప్పు ఎక్కువ. గ్లవ్స్ తొడుక్కున్న ప్రతివాళ్లనీ అడగండి, విసుక్కుంటే విసుక్కోనీండి. కాలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే ఎముక విరిగిందేమో కూడా చూపించుకోవాలి. వీళ్ల ఎముకలు బలహీనం.

స్ప్లింట్ తీశాక ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే మళ్లీ తొడగొద్దు, తీసుకురమ్మన్నారు. తెస్తాను, సరాసరి పెద్ద డాక్టర్ గదికే.