మనుకా సీసా, అరకు తేనె

ఇంటిల్లిపాదికీ దగ్గు పట్టుకోవడంతో, ఆడపడుచు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి తెచ్చిన మనుకా తేనెకి, అంటే అక్కడి మనుకా పొదల పూల తేనెకి, ఇవాళ మూత తీశాం. అరచేతిలో పట్టేంత సీసా. ధర వినగానే అత్తయ్య నోరెళ్లబెట్టారు. "ఆ డబ్బుతో గిరిజన కార్పొరేషన్ తేనె ఏడాదికి సరిపడా వచ్చేది కదే!"

రెండూ పక్కపక్కన పెట్టి రుచి చూశాను. మా అరకు తేనె చెంచా వంచగానే జారిపోతుంది. మనుకా మాత్రం జెల్లీలా పట్టుకుని వేలాడింది. కాస్త చేదు, మందుల వాసన. పిల్లలు మొహం చిట్లించారు.

సీసా మీద ఎంజీఓ 400 అని ఉంది. అంటే కిలో తేనెలో కనీసం 400 మిల్లీగ్రాముల మిథైల్‌గ్లయాక్సాల్ అనే రసాయనం. మనుకాకి సూక్ష్మజీవుల్ని చంపే శక్తి ప్రధానంగా దీనివల్లే అని 2008లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు చూపించారు. మామూలు తేనెల్లో ఆ పని ఎక్కువగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ది. తేనెటీగలు కలిపిన ఎంజైమ్, తేనెలో కాస్త నీరు చేరితే, దాన్ని తయారుచేస్తుంది. బాగా వేడి చేస్తే ఆ ఎంజైమ్ కాస్తా పోతుంది. పొగలు కక్కే టీలో తేనె పోసుకునే మా ఆయనకి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఇక వాపు తగ్గించే గుణం మొక్కల నుంచి వచ్చే పాలీఫినాల్స్‌ది. అవి సాధారణంగా ముదురు రంగు తేనెల్లో ఎక్కువ.

నన్నడిగితే దగ్గుకి మనుకా దండగ. గొంతుకి పూత పూసినట్టు హాయినివ్వడానికి ఏ మంచి తేనైనా చాలు. మనుకా విలువ పుండ్ల దగ్గర. ఆసుపత్రుల్లో వాడేది గామా కిరణాలతో శుద్ధిచేసిన తేనె పట్టీలు. వంటింటి సీసాలోది తీసి పచ్చి గాయానికి రాయకూడదు.

ఇంతలో అత్తయ్య మనవడి నాలిక్కి రాయబోయారు. వాడికింకా ఎనిమిదో నెల. ఆడపడుచు గబుక్కున చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా! ఏడాది నిండేదాకా తేనె వద్దన్నారు డాక్టరు." తేనెలో బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్లని ఏమీ చెయ్యవుగానీ పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఎంత ఖరీదైన తేనైనా అంతే.

"నీకు పుట్టగానే నాకించాను, బతికే ఉన్నావుగా!" అని అత్తయ్య అలిగారు. మీకు షుగరు కదండీ అని నేను నసిగేలోపే ఆ చెంచా తానే నోట్లో పెట్టేసుకున్నారు.